దూలం మీద పదకొండు గుర్తులు

కూల్చేస్తున్న ప్యాక్‌హార్స్ పబ్బుకి పైకప్పు సోమవారమే పోయింది. మంగళవారం పొద్దున్న లినెట్ తన పాప బండి తోసుకుంటూ వంతెన వీధి మలుపు తిరిగేసరికి మేడ మీది పడకగది గోడ బజారుకి కనబడుతోంది. గులాబీల కాగితం అంటించిన గోడ. అద్దం తగిలించి ఉండిన చోట మాత్రం రంగు వెలిసిపోకుండా ఒక చదరం మిగిలింది. ఒక మొగుడూ పెళ్ళాం ముప్ఫై మూడేళ్ళు నిద్రపోయిన గది అలా నడివీధిలో బట్టబయలుగా నిలబడి ఉంటే, చూడకూడనిదేదో చూసినట్టయి లినెట్ కళ్ళు దించుకుంది.

బండి మీద పల్చటి గుడ్డ కప్పింది, దుమ్ము పడకుండా. పది అడుగులు వేసి గుడ్డ ఎత్తి చూసింది. పాప హేజెల్‌కి ఎనిమిదో నెల. ఛాతీలో పిల్లికూతలు. కూత వినిపిస్తే భయం, వినిపించకపోతే ఇంకా భయం. మళ్ళీ కప్పింది. మళ్ళీ పది అడుగులు.

మాంసం కొట్టు అద్దానికి హాలమ్ మేష్టారు ఒక కాగితం అంటిస్తున్నారు. బడి నుంచి రిటైరయ్యాక ఊరి చరిత్ర రాయడమే ఆయనకి పని. కొత్త రోడ్డు పడ్డాక పబ్బు ఉన్నచోట చిన్న గోడ కట్టి, దానికొక ఇత్తడి పలక పెడతారట. ఆ పలక మీద చెక్కబోయే పేర్లు ఇవి. ప్యాక్‌హార్స్ నడిపినవాళ్ళంతా, మొదటివాడి దగ్గర్నుంచీ. లినెట్ ఆగి చదివింది. పెదవులు కదుపుతూ చదవడం ఆమెకి అలవాటు. మేష్టారు చూస్తున్నారని గుర్తొచ్చి పెదవులు బిగించింది.

పధ్నాలుగు పేర్లు. చివరి రెండూ ఆమెకి తెలిసినవే. ఆల్బర్ట్ ప్లమ్‌ట్రీ, 1931 నుంచి 1964. సిడ్నీ గోఫ్, 1964 నుంచి 1966.

"ఏం లినెట్, నా రాతలో తప్పు పట్టావా ఏంటి?" అన్నారు మేష్టారు నవ్వుతూ. పదిహేనో ఏట బడి మానేసి పబ్బులో నేల తుడిచే పనికి పోయిన పిల్ల ఆయన రాతలో తప్పు పట్టడమంటే ఆయనకి హాస్యమే.

"ఒక పేరు లేదండీ."

"ఎవరిదీ?"

"మిసెస్ ప్లమ్‌ట్రీ గారిది."

"ఆవిడ పేరు తలుపు మీద ఎప్పుడూ లేదుగదమ్మా. లైసెన్సు ఎవరిదైతే వాళ్ళ పేరే తలుపు మీద రాయిస్తారు. లైసెన్సులిచ్చే కోర్టు పుస్తకంలోనూ ఆల్బర్ట్ పేరే ఉంది. నేను రెండేళ్ళు కూర్చుని ఒక్కొక్క పేరూ సరిచూశాను."

"కింద పీపాల్లో బీరు తేర్చి చూసుకున్నది ఆవిడండీ."

"ఆల్బర్టు! వాడి బీరు తాగడానికి పక్క ఊళ్ళనుంచి వచ్చేవాళ్ళు. పొద్దున్న పదిన్నరకి తలుపులు తీసేవేళ, నేలమాళిగ తలుపు తోసుకుని చేతులు తుడుచుకుంటూ వచ్చేవాడు. నా కళ్ళతో నేను చూశాను. ఊళ్ళో సగం మంది చూశారు."

"నేను అయిదేళ్ళు ఆ నేలమాళిగ కడిగానండీ," అంది లినెట్. "ఆయన్ని అక్కడ ఒక్కనాడూ చూడలేదు."

మేష్టారు జిగురు సీసాకి మూత పెట్టారు. "చెక్కేవాడికి కాగితం శుక్రవారం మధ్యాహ్నం ఇవ్వాలి. ఈలోగా ఏదన్నా రాతపూర్వకంగా చూపించు. సంతోషంగా మారుస్తాను."

"పీపాల తిన్నె మీద దూలానికి ఆవిడ గుర్తుంది. కాల్చి పెట్టింది. ఇంకా బోలెడున్నాయి."

"అవి వడ్రంగుల గుర్తులు తల్లీ. ఏ దూలం ఎక్కడ కూర్చోవాలో తెలియడానికి, ఎత్తకముందే ఉలితో గీసుకుంటారు. పాత ఇళ్ళన్నిటికీ ఉంటాయి." ఆయన ఎంత మెల్లగా, ఎంత దయగా చెప్పారంటే, లినెట్‌కి మళ్ళీ పధ్నాలుగేళ్ళొచ్చి వెనక బెంచీలో కూర్చున్నట్టయింది.

*

మిసెస్ ప్లమ్‌ట్రీ ఇప్పుడు చర్చి వెనక, ముసలివాళ్ళకిచ్చే ఒంటిగది ఇళ్ళ వరసలో మూడోదాంట్లో ఉంటోంది. బుధవారం లినెట్ వెళ్ళేసరికి గ్లాసులు కడుగుతోంది. ఉన్నవి నాలుగు గ్లాసులు. ఒక్కొక్కటీ కడిగి, కిటికీ వెలుతురుకి ఎత్తి, ఒక కన్ను మూసి చూసి, అప్పుడు బోర్లిస్తోంది. మంచినీళ్ళు ఇచ్చినా, టీ ఇచ్చినా, ముందలా వెలుతురుకి ఎత్తి చూడందే ఇవ్వదు.

"ఆ పిల్లకి ఎన్ని స్వెట్టర్లు తొడిగావు?" అంది వెనక్కి తిరక్కుండానే.

"మూడండీ. కూతలు వస్తున్నాయని."

"ఊపిరాడక చస్తుంది. ఇటు తే." డెబ్బై ఏళ్ళ చేతులు, కణుపులు ఉబ్బి ఉన్నాయి, అయినా రెండు స్వెట్టర్లు ఉల్లిపొట్టు ఒలిచినట్టు ఒలిచేసింది. పాపని భుజాన వేసుకుని వీపు మీద అరచేత్తో తట్టింది. ఆ తట్టడంలో ఒక లెక్క ఉంది: రెండు గట్టిగా, ఒకటి మెత్తగా. కొత్త పీపాకి కుళాయి దిగగొట్టేటప్పుడు కొయ్యసుత్తితో అలాగే కొట్టేది. "వింటున్నావా? కొత్తగా దించిన పీపా కూడా ఇలాగే కూస్తుంది. మూతలో సన్నపుల్ల గుచ్చి కాస్త గాలి పోనిస్తే అదే సర్దుకుంటుంది. నువ్వేమో బిరడా మీద బిరడా బిగిస్తున్నావు."

లినెట్ నవ్వాలో ఏడవాలో తెలియక కుర్చీ అంచున కూర్చుంది. పలక సంగతి చెప్పింది.

తట్టడం ఆగిపోయింది.

"నా పేరు పెట్టమని నిన్నెవరు అడిగారు?"

"ఎవరూ అడగలేదు. కానీ అది అన్యాయం కదండీ. సిడ్నీ గోఫ్ పేరుంది! రెండేళ్ళలో బీరంతా పులవబెట్టి పబ్బుని మూయించినవాడి పేరు ఇత్తడి మీద చెక్కుతారు, మీ పేరు మాత్రం..."

"ఆల్బర్ట్ పేరుంది. చాలు."

"దూలం మీద మీ గుర్తు చూపించారు కదా నాకు. మేష్టారికీ చూపిస్తే..."

"లినెట్." ఆ పిలుపు నేలమాళిగ తడి ఆరకముందే ఎవరైనా బూట్లతో దిగితే పిలిచే పిలుపు. "ఆ దూలాన్ని ముట్టుకోకు. దాని జోలికి పోకు. మళ్ళీ ఆ మాట ఎత్తావో, ఈ గుమ్మం తొక్కొద్దు."

పాపని తిరిగి చేతికిచ్చింది. పాప నిద్రపోయి ఉంది, నోరు కొద్దిగా తెరిచి. కూత లేదు. లినెట్ వంగి ముక్కు దగ్గర చెవి పెట్టి వింది.

"బతికే ఉంది," అంది మిసెస్ ప్లమ్‌ట్రీ. "వెళ్ళు."

*

గురువారం పొద్దున్న లినెట్ మాంసం కొట్టు దాటి నేరుగా వెళ్ళిపోదామనుకుంది. వెళ్ళలేకపోయింది. ముందు గోడ పూర్తిగా పడిపోయింది; నేల పలకలు ఊడదీశారు. ఎప్పుడూ బల్బు వెలుతురులో తప్ప చూడని నేలమాళిగ మీద ఎండ పడుతోంది.

"ఏం అమ్మాయ్, బీరుకొచ్చావా? రెండు నెలలు ఆలస్యమయింది," అన్నాడు కూల్చేవాళ్ళ మేస్త్రీ డెంజిల్. తలుపంత వెడల్పు మనిషి, కనుబొమల నిండా ఇటుకదుమ్ము.

"ఒక్కసారి కిందికి దిగనిస్తారా? ఆ దూలం దగ్గరికి."

"పుచ్చిపోయిన దూలం. రేపు మధ్యాహ్నం రెండు లారీల ఇటుకముక్కలు దీంట్లో కుమ్మరించి రోడ్డుకి అప్పగిస్తాం. దాన్ని కూడా అందులోనే కప్పెట్టేస్తాం." అతను బండిలోకి తొంగిచూశాడు. "మరి దీన్నేం చేస్తావు? దీన్నీ దింపుతావా?"

లినెట్ బండి పిడి గట్టిగా పట్టుకుంది. పాపని ఇంతవరకు తన తల్లి చేతికీ, మిసెస్ ప్లమ్‌ట్రీ చేతికీ తప్ప ఇంకెవరికీ ఇవ్వలేదు. డెంజిల్ కోటు విప్పేసి, చేతులు తొట్టిలో కడుక్కుని, చొక్కాకి తుడుచుకుని, చేతులు చాచాడు. "నాకు అయిదుగురు. ఒక్కళ్ళనీ కింద పడెయ్యలేదు. రెండోవాణ్ణి ఒకసారి. వాడు పోలీసయ్యాడు."

అప్పుడే హాలమ్ మేష్టారు కెమెరా మెళ్ళో వేసుకుని వచ్చారు, చివరి ఫొటోలు తీసుకుందామని. "ఇక్కడేం చేస్తున్నావు లినెట్?"

"మీరూ రండి," అంది. తనే ఆశ్చర్యపోయింది, ఆయనతో అలా అనగలిగినందుకు.

పన్నెండు మెట్లు. రాతి తిన్నె అలాగే ఉంది, పీపాల కడుపులు ఆని ఆని నున్నబడ్డ గుంటలతో. దాని మీదుగా దూలం. సున్నం, సున్నం మీద సున్నం. ఏటా వసంతంలో గోడలకీ దూలానికీ తేడా లేకుండా ఒక పూత పూసేవాళ్ళు; అయిదు పూతలు లినెట్ చేతి మీదుగానే పడ్డాయి. బల్బు కింద ఆ దూలం ఎప్పుడూ సాపుగానే కనబడేది; గుర్తులు వేలికి తగిలేవంతే. ఇప్పుడు ఎండ పక్కనుంచి ఏటవాలుగా పడుతుంటే, తెల్లటి మంచు కింద పొలం గట్లు తేలినట్టు, గుర్తులు తేలాయి. ఒక కోడికాలు. మూడు నిలువు గీతలు. అర్ధచంద్రం. నిచ్చెన. చేప. వరసగా, దూలం ఈ చివర్నుంచి ఆ చివరికి. పదకొండు. చిట్టచివర ఒక కొక్కెం, కింద తోకతో; అది మిసెస్ ప్లమ్‌ట్రీది.

లినెట్ దూలం దగ్గరికి జరిగింది.

"చూశావా, వడ్రంగి గుర్తులే," అన్నారు మేష్టారు. కానీ గొంతు తగ్గించి అన్నారు, చర్చిలో అన్నట్టు.

లినెట్ జాకెట్టు కాలరుకి గుచ్చుకున్న పాప గుడ్డ పిన్నీసు తీసింది. కొక్కెం గుంటలోకి మొన పోనిచ్చి, అంచు వెంట చిన్న ముక్క పెకలించింది. సున్నం పెచ్చు గోరంత మందాన లేచి వచ్చింది. అడుగున నల్లగా మసి.

"ఉలితో గీస్తే మసి ఉండదు కదండీ. ఇది కాల్చింది. ఇనుపచువ్వ ఎర్రగా కాల్చి పెట్టేవాళ్ళు, మొదటి పీపా తేటగా దిగిన రోజున. అలాగని మిసెస్ ప్లమ్‌ట్రీ చెప్పారు." ఆ ముక్కని ఎండకి ఎత్తింది, అచ్చం ఆవిడ గ్లాసు ఎత్తినట్టు. "ఇదిగో, పక్కనుంచి చూడండి. ఒక తెల్లగీత, ఒక బూడిదగీత. ఏడాదికో పూత. పూత మీద ఏడాదంతా పట్టిన దుమ్మూ మసీ. మళ్ళీ పూత."

మేష్టారు కళ్ళజోడు పైకి తోసి, జేబులోంచి భూతద్దం తీశారు. లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు.

"ముప్ఫై మూడు."

"గోఫ్ గారు సున్నం వెయ్యలేదండీ. ఆఖరి పూత అరవై నాలుగులో నేనే వేశాను."

"అరవై నాలుగులోంచి ముప్ఫై మూడు..." ఆయన పెదవులు కదులుతున్నాయి. "ముప్ఫై ఒకటి. పూత పడేది వసంతంలో. అంటే ఆ ఏడే ఆకురాలు కాలంలో కాల్చారు. ప్లమ్‌ట్రీలు వచ్చిన ఏడు."

ఆయన పిన్నీసు కోసం చెయ్యి చాచారు. లినెట్ ఇవ్వలేదు, చేప దగ్గరికి తనే జరిగింది. యాభై ఎనిమిది పూతలు. అంటే 1906. మేష్టారు నోటుపుస్తకం తీసి పేజీలు తిప్పారు.

"1906లో లైసెన్సు మారలేదే. టామ్ రాగ్‌ది 1898 నుంచీ ఉంది..." వేలు ఆగింది. "1906 మార్చిలో టామ్‌కి రైలు యార్డులో కాలు పోయింది. మేలో పెళ్ళయింది. ఏడా అనే ఆవిడతో."

ఇద్దరూ ఒకేసారి మెట్ల వైపు చూశారు. నిటారుగా, పన్నెండు.

నిచ్చెన గుర్తుకి ఎనభై ఒకటి. ఆ లెక్క తేలేసరికి మేష్టారు రాతి తిన్నె మీద, పీపా గుంటలో కూలబడ్డారు. "జోసయా బెంట్. 1883. బెంట్ గారి బీరంత తేటైన బీరు జిల్లాలో లేదని పేపర్లో రాశారు. నేను దాన్ని ఎత్తి రాసుకున్నాను కూడా. అదే నెలలో ఆయన తాగి మూడుసార్లు కాలవలో పడ్డాడని కోర్టు పుస్తకంలో ఉంది. రెండూ నా దగ్గరే ఉన్నాయి లినెట్. ఎదురెదురు పేజీల్లో. ఒక్కసారైనా నాకు తట్టలేదు."

పైనుంచి డెంజిల్ అరిచాడు. "అమ్మాయ్! నీ కూతురు నా మీసం పీకేస్తోంది. ఇంకెంతసేపు?"

*

శుక్రవారం పదకొండింటికి మేష్టారు వెళ్ళి తీసుకురాగా, ఆయన చిన్న కారులోంచి మిసెస్ ప్లమ్‌ట్రీ దిగింది. నల్లకోటు, టోపీ, చేతిసంచీ. లినెట్ వంక చూడలేదు. డెంజిల్ భుజం పట్టుకుని పన్నెండు మెట్లూ దిగింది, ప్రతి మెట్టునీ బూటుతో తట్టి చూసుకుంటూ. లారీలు అప్పటికే వీధిలో ఆగి ఉన్నాయి.

మేష్టారు కొత్త కాగితం తీసి చదివారు. ఆల్బర్ట్ ప్లమ్‌ట్రీ పక్కన, విన్నిఫ్రెడ్ ప్లమ్‌ట్రీ.

"కొట్టెయ్యండి," అందావిడ.

"ఋజువైంది మిసెస్ ప్లమ్‌ట్రీ. లినెట్ చూపించింది..."

"ఈ పిల్ల చూపిస్తుందనే భయపడ్డాను. కొట్టెయ్యండి."

లినెట్ ఇక ఆగలేకపోయింది. "ఎందుకండీ? ఆయన చనిపోయినప్పుడు పబ్బు సొంతదారులైన బీరు కంపెనీవాళ్ళు మిమ్మల్ని ఆరు వారాల్లో వెళ్ళగొట్టారు. బీరు చూసుకునేది మీరేనని ఒక్కమాట అంటే ఇల్లు మీకే ఉండేది కదా!"

మిసెస్ ప్లమ్‌ట్రీ సంచీని రెండు చేతులా పట్టుకుంది.

"కంపెనీ మనిషి వచ్చి, బీరు చూసుకునే మనిషి పోయాడు, ఇంక పబ్బు మీకెలా ఇస్తామమ్మా అన్నాడు. అవును బాబూ అన్నాను. అప్పటికి ఆల్బర్ట్ ఇంకా పైగదిలోనే ఉన్నాడు, పెట్టెలో. ఆయన పైనుండగా ఏమని చెప్పను?" అరచేత్తో సంచీని తట్టింది, రెండు గట్టిగా. "మొదటి యుద్ధంలో విషవాయువు పీల్చిన ఛాతీ ఆయనది. ఈ చల్లదనంలోకి దిగితే మళ్ళీ ఎక్కలేడు. ముప్ఫై మూడేళ్ళు ఒక్క మెట్టు దిగలేదు. పైన తలుపు వెనక చీకట్లో నిలబడేవాడు. నేను పని ముగించి పైకొచ్చి గుడ్డ తడిపి చేతికిచ్చేదాన్ని. తుడుచుకుంటూ తలుపు తోసుకుని బయటికి నడిచేవాడు. 'ఇవాళ బాగా తేరింది' అనేవాడు. మీరంతా తలలూపేవాళ్ళు. ఆ ఒక్క నిమిషం కోసమే ఆయన రోజూ గెడ్డం గీసుకునేవాడు. ఇప్పుడు నా పేరు చెక్కి, ఆ నిమిషం నాటకమని ఊరికి చెబుతారా?"

మేష్టారు చేతిలో కాగితం మడిచారు. లినెట్ ముఖం మండిపోతోంది. తను న్యాయమనుకుని తవ్వింది ఈ ముసలామె తన చేతులతో కట్టుకున్న గోడని.

"తప్పయిపోయిందండీ," అంది.

"మోసం నాది. నాతోనే పోనీ. అంతకుముందు ఈ తిన్నె దగ్గర నిలబడినవాళ్ళంతా పేరుకి తగ్గ మగవాళ్ళు. నేనొక్కదాన్నే దొంగలా గుర్తు పెట్టుకున్నాను."

"ఒక్కరే కాదండీ," అంది లినెట్.

ముసలామె మొదటిసారి ఆమె వంక చూసింది.

"అది చేప. ఏడా గారిది. వాళ్ళాయనకి ఒక కాలు లేదు. ఆ నిచ్చెన బెంట్ గారి భార్యది. ఆయన కాలవలో పడేవాడు." మాటలు తడబడి వస్తున్నాయి, అయినా ఆగలేదు. "పదకొండున్నాయి. మిగతా వాటికి పూతలు లెక్కకి అందలేదు, రాయిలా గట్టిపడిపోయాయి. మొదటిది, ఆ కోడికాలు, వేలికి తగలడమే గాని కంటికి సరిగా కనబడదు."

మిసెస్ ప్లమ్‌ట్రీ సంచీ కింద పెట్టింది. చేతి తొడుగులు విప్పింది. కొక్కెం దగ్గర మొదలుపెట్టి దూలం వెంట వెనక్కి నడిచింది, ఒక్కొక్క గుర్తు మీద అరచెయ్యి ఆనిస్తూ. చేప దగ్గర ఆగింది. నిచ్చెన దగ్గర ఆగింది. ముప్ఫై మూడేళ్ళు రోజూ ఈ దూలం కిందే వంగి పనిచేసిన మనిషి, ఏదో పెద్ద చర్చిలోకి కొత్తగా అడుగుపెట్టినట్టు తల ఎత్తి నడుస్తోంది. చివరన కోడికాలు దగ్గర వేళ్ళతో తడిమి, కళ్ళు మూసుకుంది. ఇటుకదుమ్ము ఎండలో మెల్లగా దిగుతోంది. లారీ డ్రైవరు పైన ఇంజను ఆపేశాడు.

"వీళ్ళందరూ కూడా గుడ్డ తడిపి ఇచ్చారంటావా?" అంది కళ్ళు తెరవకుండానే.

"ఏమోనండీ. ఇచ్చే ఉంటారు."

ఆవిడ ముక్కు తుడుచుకుంది. మేష్టారి వైపు తిరిగింది. "తలుపు మీది పేర్లు ఎలా ఉన్నాయో అలాగే చెక్కించండి. కింద ఈ గుర్తులు చెక్కించండి. పదకొండూ. అక్షరం మాత్రం రాయకండి."

"అవేంటని జనం అడుగుతారు కదండీ?"

"అడగనీండి. కింద పనిచేసే ఆడదానికి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి చెప్పినా తెలీదు."

మేష్టారు నోటుపుస్తకం తెరిచి కోడికాలు గీశారు. అది కాకికాలయింది. కొట్టేసి మళ్ళీ గీశారు. తరువాత పెన్సిలు తిప్పి, మొన తనవైపు పెట్టుకుని, లినెట్‌కి అందించారు. "నాకు కనబడటం లేదమ్మా. నువ్వు వేళ్ళతో చూశావు. నువ్వే గియ్యి."

లినెట్ పాపని డెంజిల్ చేతికిచ్చి పెన్సిలు అందుకుంది. బడి మానేశాక ఆయన ముందు పెన్సిలు పట్టడం ఇదే మొదలు. వెనక డెంజిల్ చేతుల్లో పాప ఏదో కూసింది. లినెట్ తల తిప్పలేదు. కోడికాలు, మూడు గీతలు, అర్ధచంద్రం... ఒక్కొక్కటీ ముందు దూలం మీద వేలితో తడిమి, తరువాత కాగితం మీద పెట్టింది. పదకొండోది, కొక్కెం, గీసి పుస్తకం పైకెత్తి చూపించింది.

మిసెస్ ప్లమ్‌ట్రీ పుస్తకాన్ని వెలుతురుకి పెట్టి, ఒక కన్ను మూసి చూసింది.

"తోక ఇంకొంచెం పొడుగు," అంది. "ఆవేళ నాకు బాగా ఒళ్ళు మండి ఉంది."